మనుమడి చేతికి కొయ్యబొమ్మ: కర్ర ఎంపిక, తయారీ, రంగు, పరీక్ష

మనుమడికో మనుమరాలికో తన చేతులతో ఒక కొయ్యబొమ్మ చేసి ఇవ్వవలెనన్న కోరిక చాలామంది పెద్దలకు ఉద్యోగ విరమణ తరువాత కలుగుతుంది. తాతగారికి తీరిక ఉంటుంది, ఇంటి అటక మీద పాత కర్ర ఉంటుంది, పొరుగున వడ్రంగి ఉంటాడు. ఇక కావలసినది కొంత తెలివిడి మాత్రమే. ఆ తెలివిడికి మూలసూత్రం ఒక్కటే. పసిబిడ్డకు బొమ్మ మొదట నోటి వస్తువు, తరువాత చేతి వస్తువు, ఆ తరువాతనే కంటి వస్తువు. చేసే పెద్దలు సాధారణంగా ఈ వరుసను తలక్రిందులు చేస్తారు. ముందు అందం చూస్తారు, రంగు చూస్తారు. బిడ్డ దానిని నోట పెట్టుకున్న తరువాత గాని కర్ర ఏమిటి, రంగులో ఏమున్నది అన్న ఆలోచన రాదు. ఈ వ్యాసంలో కర్ర, కొలత, రంగు మొదలైన వాటిని ఆ వరుసలోనే పరిశీలిద్దాము.

మన చుట్టుపట్ల కొయ్యబొమ్మలు

తెలుగువారు స్థిరపడిన ప్రాంతాల చుట్టూ ప్రసిద్ధమైన బొమ్మల కేంద్రాలు పలు ఉన్నవి. వాటిని వాడుకను బట్టి రెండు తెగలుగా చూడవచ్చును.

మొదటిది తరిమెన మీద, అనగా లేతు యంత్రం మీద, గుండ్రంగా చెక్కి లక్క పట్టించే బొమ్మలు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక, కర్ణాటకలో బెంగళూరు–మైసూరు దారిలో ఉన్న చన్నపట్నం ఈ తెగకు పేరుపొందినవి. రెండు చోట్లా సంప్రదాయంగా వాడే చెట్టు ఒక్కటే కావడం విశేషం. మనం అంకుడు, తెడ్లపాల అని పిలిచే చెట్టునే కన్నడిగులు ఆలె మర అంటారు, తమిళులు వెప్పాలై అంటారు. చెక్క తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉంటుంది. ఉలికి సులువుగా లొంగుతుంది, పేడు లేవదు. మన ఇళ్ళలో ఆడపిల్లలు వంటాట ఆడుకొనే లక్కపిడతలు ఈ తెగలోనివే. తమిళనాట అంబాసముద్రం ప్రాంతపు చొప్పు సామాన్లు వాటికి దాయాదులు.

రెండవది చెక్కి, అతికి, రంగు వేసే బొమ్మలు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు ఇట్టివి. రెండింటికీ పొణికి కర్ర ఆధారం. పొణికి చాలా తేలికైనది. కొండపల్లిలో దానిని సన్నసెగన కాచి తేమ పోగొట్టి, భాగాలను వేర్వేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, నునుపు చేసి రంగులు దిద్దుతారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు ఈ పద్ధతిలో రూపుదిద్దుకున్నవే. మహారాష్ట్రలోని సావంతవాడి, ఒడిశాలోని పూరీ రంగుల కొయ్యబొమ్మలను కూడా ఈ వరుసలో చెప్పుకోవచ్చును.

ఈ భేదం తాతగారికి ఎందుకు ముఖ్యమనగా, రెండవ తెగ బొమ్మలు ప్రధానంగా కంటికి ఉద్దేశించినవి. వాటి స్థానం బొమ్మల కొలువు. సంక్రాంతికి కోస్తాలోను, దసరాకు తమిళ, కన్నడ సీమలలోను మెట్ల మీద నిలిపే బొమ్మలు అవి. సన్నని చేతులు, అతికించిన తలలు ఉన్న ఆ బొమ్మను పళ్ళు వస్తున్న బిడ్డ చేతికి ఇవ్వరాదు. అది బొమ్మ దోషం కాదు. ఆ పని కోసం దానిని చేయలేదు. పసివారికి ఆదర్శంగా తీసుకోవలసినది మొదటి తెగను: ఒకే ముక్కలో చెక్కినది, మూలలు లేనిది, రంగు పొరలుగా ఊడిపోనిది.

కర్ర ఎంపిక

అంకుడు కర్ర దొరికితే అంతకంటె మేలు లేదు. దొరకనిచోట వేప, మామిడి, గుమ్మడిటేకు, రబ్బరు చెక్క వాడవచ్చును. వేపకర్ర నోట పెట్టుకున్న బిడ్డ చేదుకు ముఖం చిట్లిస్తే చిట్లించవచ్చును గాని హాని లేదు. మామిడి చవక, కాని పురుగు త్వరగా పడుతుంది కనుక బాగా ఎండినదై ఉండాలి. టేకు బలమైనదే అయినా దాని పొడి కొందరి చర్మానికీ శ్వాసకూ పడదు. నోటి బొమ్మలకు దానిని మానడమే మంచిది. పూర్వం మరపాచ్చి బొమ్మలకు వాడిన రక్తచందనం నేడు కఠినమైన అటవీ చట్టాల పరిధిలో ఉన్నది. ఎవరైనా తెచ్చి ఇస్తామన్నా తీసుకోకూడదు.

వాడకూడని వాటిని కూడా గుర్తుంచుకోవాలి. గన్నేరు కొమ్మ నున్నగా, తిన్నగా కనిపిస్తుంది. కాని ఆ చెట్టు నిలువెల్లా విషం. జీడిమామిడి బెరడు రసం చర్మాన్ని పొక్కిస్తుంది. ప్లైవుడ్డు, పొట్టు అదిమి చేసిన అట్టపలకలు జిగురుతో కూర్చినవి, అంచులు పొరలుగా లేస్తాయి. సరకుల పెట్టెల చెక్క మీద ‘ఎం.బి.’ అన్న ముద్ర ఉంటే దానికి మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని అర్థం, ‘హెచ్.టి.’ అన్న ముద్ర వేడిమితో శుద్ధి చేసిన దానికి గుర్తు. ముద్ర తెలియని పెట్టెచెక్కను పొయ్యి దగ్గరకు గాని, బొమ్మ దగ్గరకు గాని రానీయకపోవడం శ్రేయస్కరం.

అన్నిటికంటె జాగ్రత్త పడవలసినది మనసుకు దగ్గరైన కర్ర విషయంలో. పాత ఇల్లు పడగొట్టినప్పుడు దాచిన తలుపు రెక్క, ముత్తాత పడుకున్న ఉయ్యాల, అమ్మమ్మ పెళ్ళినాటి పెట్టె మూత ఇటువంటి వాటితో బొమ్మ చేసి నాలుగవ తరానికి అందించాలని ఎవరికి ఉండదు? రంగు వేయని పాత కర్ర అయితే నిరభ్యంతరంగా చేయవచ్చును. దశాబ్దాలుగా పచ్చరంగు, ఎర్రరంగు పొరపై పొర పూసిన తలుపు అయితే మాత్రం ఆ పొరలలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇంటి రంగులలో సీసం 90 పి.పి.ఎం. మించరాదన్న నిబంధనలు 2016లో వెలువడి, 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చినవి. అంతకు ముందటి రంగుకు అటువంటి కట్టడి లేదు. ఆ తలుపును గీకినప్పుడు లేచే దుమ్మే అసలు ప్రమాదం. అది నేల మీద పడుతుంది, ప్రాకే బిడ్డ చేతికి అంటుతుంది, నోటికి చేరుతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత మేరకు ఫరవాలేదన్న పరిమితి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కాబట్టి అటువంటి తలుపును గీకకుండా, ఉన్నదున్నట్లు గోడకు ఆనించి గుర్తుగా ఉంచుకోవడమే దానికి చేసే గౌరవం.

ఎండబెట్టడం

పచ్చికర్రతో చేసిన బొమ్మ ఎండేకొద్దీ చీలుతుంది, చక్రం కోడిగ్రుడ్డు ఆకారానికి వస్తుంది. పలకలుగా కోసిన కర్రను ఎండ తగలని, గాలి ఆడే చోట, పలకకూ పలకకూ నడుమ పుల్లలు పెట్టి పేర్చాలి. అంగుళం మందానికి ఏడాది అన్నది వడ్రంగుల స్థూలమైన లెక్క. చిన్న ముక్కలకు అంత కాలం పట్టదు. ముక్కను వారానికొకసారి తూచి చూడాలి. వరుసగా మూడు వారాలు బరువు తగ్గకపోతే ఎండినట్లు. పల్లెలో కోత మిల్లు దగ్గర ఏళ్ళ తరబడి పడి ఉన్న చెక్క ముక్కలు ఈ పనికి బాగా పనికివస్తాయి.

వయసును బట్టి బొమ్మ

ఆరు నెలల నుంచి ఏడాది వరకు: అరచేతి వెడల్పు కట్టె ఉంగరం, లేక ఒకే ముక్కలో చెక్కిన గిలక్కాయ. గిలక్కాయ చివర్లు గొంతులో దూరనంత పెద్దవిగా, 5 సెం.మీ.కు మించి ఉండాలి. గింజలు లోపల పోసి మూత అతికించే రకం ఇంట్లో చేయరాదు. మూత ఊడితే గింజ గొంతుకు అడ్డుపడుతుంది.

ఏడాది నుంచి మూడేళ్ళ వరకు: తోసే బండి, దొంతరగా పేర్చే దిమ్మెలు. నడక నేర్చే బిడ్డకు మూడు చక్రాల నడకబండి మనకు తరతరాలుగా తెలిసినదే. తమిళనాట దానిని నడైవండి అంటారు. బిడ్డను లోపల కూర్చోబెట్టే చక్రాల చట్రం వేరు, నిలబడి తోసే బండి వేరు. మొదటిది మెట్ల మీద నుంచి దొర్లే ప్రమాదం ఉన్నందున కెనడా దేశం 2004లో దానిని నిషేధించింది. తోసే బండికి ముందు భాగంలో బరువు ఉంచితే బిడ్డ చేతి నుంచి జారి ముందుకు పరుగెత్తదు.

మూడేళ్ళు దాటిన తరువాత: ఎద్దులబండి, లక్కపిడతలు. ఐదారేళ్ళు దాటితే బొంగరం. బొంగరానికి ఇనుప ములుకు ఉంటుంది కనుక తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ప్రాకే ఇంట్లో దాని వేళా చోటూ వేరు చేయాలి.

తోపుడు బండి: కొలతలు, పద్ధతి

లేతు యంత్రం లేకుండా ఇంట్లోనే చేయదగిన బొమ్మ నాలుగు చక్రాల బండి. రంపం, చిత్రిక, ఆకురాయి, డ్రిల్లు, దానికి తగిలించే గుండ్రని రంపం, కర్రను బల్లకు బిగించే క్లాంపు, గరుకు కాగితం ఉంటే చాలును.

కావలసిన భాగాలు: 20 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు, 2 సెం.మీ. మందం గల పలక ఒకటి, 6 సెం.మీ. అడ్డుకొలత, 2 సెం.మీ. మందం గల చక్రాలు నాలుగు, 4 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. ఎత్తు, 2 సెం.మీ. మందం గల దిమ్మెలు నాలుగు, 1 సెం.మీ. లావు, 14.6 సెం.మీ. పొడవు గల గుండ్రని కడ్డీలు రెండు. ఈ కడ్డీలే ఇరుసులు.

1. చక్రాలను పలక నుంచి గుండ్రని రంపంతో కోయాలి. కొమ్మను అడ్డంగా బిళ్ళలుగా కోస్తే చక్రం తయారుగా దొరికినట్లే తోస్తుంది. కాని అటువంటి బిళ్ళ నడుమ నుంచి అంచు దాకా పగులుతుంది. నడుమ పడే రంధ్రం ఇరుసు కంటె చిన్నదిగా ఉంటే సరిగా 1 సెం.మీ.కు పెంచుకోవాలి.

2. నాలుగు దిమ్మెలకు ఒకే గుర్తు మీద 1.2 సెం.మీ. రంధ్రం వేయాలి. రంధ్రాలు ఎగుడుదిగుడైతే బండి ఒక ప్రక్కకు లాగుతుంది. అందుచేత నాలుగింటినీ జతచేసి బిగించి ఒకేసారి తొలచడం మంచిది.

3. దిమ్మెలను పలక అడుగున, అంచులకు సమంగా, రెండేసి ఎదురెదురుగా తెల్ల జిగురుతో అతికి, పై నుంచి కొయ్యమేకు దిగగొట్టాలి. ఇనుప మేకులు వాడరాదు. కర్ర ఎండి కుంచించుకున్నప్పుడు మేకు తల పైకి తేలుతుంది.

4. ఇరుసును దిమ్మెల గుండా దూర్చి, రెండు చివరలా చక్రాలను జిగురుతో బిగించాలి. ఇక్కడ చక్రం ఇరుసుతో కలిసి తిరుగుతుంది, ఇరుసు దిమ్మెలో తిరుగుతుంది. చక్రం విడిగా తిరిగితే దానిని ఆపేందుకు చివర సీల పెట్టవలసి వస్తుంది, ఆ సీల ఊడితే బిడ్డ నోటికి పోతుంది. ఈ పద్ధతిలో సీల అక్కరే లేదు. దిమ్మె రంధ్రంలో జిగురు పడకుండా కొద్దిగా మైనం రాయాలి.

5. చక్రానికీ పలకకూ నడుమ సందు 3 మి.మీ. చొప్పున మిగులుతుంది. ఈ సందు 5 మి.మీ. దాటితే పసివేలు దూరి నలిగే అవకాశముంది.

6. మూలలన్నీ ఆకురాయితో గుండ్రం చేసి, 80, 120, 220 అంకెల గరుకు కాగితాలతో వరుసగా రుద్దాలి. ఆ తరువాత తడిబట్టతో తుడిస్తే పడుకున్న నూగు లేస్తుంది. ఆరిన పిదప మరొకసారి 220 కాగితంతో రుద్దాలి. ఈ తడి వరుసను మానితే బిడ్డ చొంగ తగిలిన మొదటి రోజునే బొమ్మ గరుకెక్కుతుంది. రుద్దే పని ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకొని చేయాలి. బిడ్డను ఆ దరిదాపులకు రానీయరాదు.

బండికి తాడు కట్టి లాగించాలన్న కోరిక ఉంటే మూడేళ్ళ లోపు బిడ్డకు ఆ తాడు జానెడుకు మించరాదు, చివర ఉచ్చు ఉండరాదు.

రంగు, మెరుగు

ఏటికొప్పాకలో లక్క పట్టించే విధానం చూడదగినది. లక్క అన్నది మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగు కూర్చే జిగురు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న బొమ్మకు ఆనిస్తే రాపిడి వేడికి అది కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే అద్దం వలె మెరుస్తుంది. పసుపు నుంచి పసుపుపచ్చ, జాఫ్రా గింజల నుంచి ఎరుపు, నీలి ఆకు నుంచి నీలం, పసుపూ నీలీ కలిపి ఆకుపచ్చ తీస్తారు. రసాయనపు రంగులు వచ్చి ఈ పద్ధతి వెనుకపట్టిన కాలంలో దానిని తిరిగి నిలబెట్టిన వారు సి.వి. రాజు. ఆయనకు 2023లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే సాగింది.

అయితే పాత రంగులన్నీ మంచివే అనుకోవడం పొరపాటు. మన చిత్రకారులు పూర్వం వాడిన సిందూరం సీసపు సమ్మేళనం, హరిదళం పాషాణపు సమ్మేళనం, ఇంగిలీకం పాదరసపు సమ్మేళనం. చెట్టు నుంచి వచ్చిన రంగు వేరు, గని నుంచి వచ్చిన రంగు వేరు. అంగట్లో పేరు లేకుండా పొట్లం కట్టి ఇచ్చే పొడులు దేనికి చెందినవో అంగడివానికే తెలియకపోవచ్చును.

ఇంట్లో చేసే తొలి బొమ్మకు రంగే వేయకపోవడం ఉత్తమం. కర్ర సహజమైన వర్ణం బిడ్డకు చాలును. మెరుగు కావలెనంటే వంటకు వాడే అవిసె నూనెను పలుచగా రుద్ది, రెండు మూడు వారాలు ఆరనిచ్చి, పైన తేనె మైనం పట్టించాలి. రంగుల దుకాణంలో దొరికే కాచిన అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు కనుక అది పనికిరాదు. నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా పడవేయరాదు. వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి ఆరవేసి, ఆ తరువాతనే పారవేయాలి. పసుపు రంగు వేయదలచినవారు పసుపు నీటిని పూసి, ఆరిన తరువాత లక్క పూత వేయవచ్చును. శుద్ధి చేసిన లక్కను మందుబిళ్ళల మీద పూతగా కూడా వాడుతారు. పసుపు ఎండకు వెలుస్తుందన్న సంగతి మాత్రం ముందే తెలిసి ఉండాలి.

చివరి పరీక్ష

అమ్మకానికి వచ్చే ఆటబొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయినది. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు గల బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. తాత ఇంట్లో చేసి ఇచ్చే బొమ్మకు ముద్ర అడిగేవారు ఎవరూ ఉండరు. అందుచేతనే పరీక్షించే బాధ్యత పూర్తిగా చేసినవారిదే. ఆ పరీక్షలు కష్టమైనవి కావు.

మందపాటి కాగితాన్ని లోపలి అడ్డుకొలత 3.2 సెం.మీ. ఉండేటట్లు గొట్టంగా చుట్టి, సుమారు 5.7 సెం.మీ. పొడవు ఉంచాలి. ఇది మూడేళ్ళ లోపు పిల్లల గొంతుకు ప్రమాణంగా తీసుకొనే కొలతకు దగ్గరది. బొమ్మ గాని, ఊడగల ఏ భాగం గాని ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోతే అది ఆ వయసు బిడ్డకు తగదు. బంతి అయితే 4.5 సెం.మీ. కంటె పెద్దదై ఉండాలి. పైన చెప్పిన చక్రాలు, దిమ్మెలు విడిపోయినా ఆ గొట్టంలో ఇమడవు.

బొమ్మను నడుము ఎత్తు నుంచి గచ్చు మీద పదిసార్లు పడవేయాలి. చక్రాలను గట్టిగా లాగి మెలిపెట్టాలి. పాత నూలు పంచె ముక్కతో అంతటా తుడవాలి. ఎక్కడ పోగు తగులుకుంటే అక్కడ పేడు ఉన్నట్లు. తెల్లగుడ్డను తడిపి రుద్దితే రంగు అంటరాదు. బిడ్డకు ఇచ్చిన తరువాత కూడా నెలకొకసారి చూసుకోవాలి. బొమ్మను నీట నానబెట్టక, తడిగుడ్డతో తుడిచి నీడన ఆరవేయాలి. పగులు కనిపించిన రోజున ఎంత ముద్దుగా చేసినదైనా వెనుకకు తీసుకోవలసిందే.

బొమ్మతో పాటు మాట

బిడ్డకు మూడేళ్ళు నిండిన తరువాత ఈ బండికే నొగలు, కాడి చేర్చి, కొమ్ములు మొద్దుగా ఉంచిన రెండు ఎద్దులను కట్టవచ్చును. అప్పుడది అసలైన ఎద్దులబండి అవుతుంది. మన పిల్లలు చదివే బడి భాష కన్నడం కావచ్చు, తమిళం, మరాఠీ, ఒడియా కావచ్చును. బొమ్మను బడిలో గొంబె అనో, బొమ్మై అనో, బాహులీ అనో, కంఢేయి అనో నేర్చుకుంటారు, అది మంచిదే. ఇరుసు అన్న మాటను కన్నడిగులూ తమిళులూ కూడా మన వలెనే పలుకుతారు. కాని నొగ, కాడి అన్న తెలుగు మాటలు ఏ పాఠ్యపుస్తకంలోను ఆ బిడ్డకు ఎదురు కావు. వీధిలో బండ్లే లేనప్పుడు మాట వినిపించే చోటు కూడా లేదు. బొమ్మను చేతికి ఇచ్చేటప్పుడు ఒక్కొక్క భాగాన్ని తాకి దాని పేరు చెప్పడానికి తాతకు, జేజినాయనకు, అమ్మమ్మకు క్షణం పట్టదు. చక్రం అరిగి బండి మూలపడిన తరువాత కూడా ఆ పేర్లు బిడ్డ వద్ద ఉంటాయి.